చేతిలో పెట్టిన పాల డబ్బా

ఆ మధ్య న్యూజెర్సీలో మా పార్సిప్పనీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. "ఆంటీ, నేను ఆఫ్రికా వెళ్ళి హెల్ప్ చేయాలి అనుకుంటున్నా. ఏం ప్యాక్ చేసుకోవాలి?" అంది. ఆఫ్రికాలో ఎక్కడికమ్మా అని అడిగాను. అదింకా డిసైడ్ చేయలేదట. నాకు ఒళ్ళు మండింది. ఆసియా వెళ్తున్నాను, ఏం సర్దుకోను అని ఎవరైనా అడుగుతారా? కానీ ఆ పిల్లని కోప్పడే అర్హత నాకు లేదు. నేను వెళ్ళేటప్పుడు దోమల మందు, టార్చి లైటు, రెండు సీసాల ఆవకాయ సర్దుకోవడానికి నెల రోజులు తీసుకున్నాను. అక్కడ ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో చదవడానికి మాత్రం విమానం ఎక్కాక తీరిక దొరికింది.

ఆ అమ్మాయికి నేను ఫోన్లో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. తనకి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. ఎవరి పేర్లూ రాయను. ఆ దేశం పేరు కూడా రాయను. రాస్తే "అయ్యో, అక్కడ ఎప్పుడూ అంతేనండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసి మీరు టీ తాగడానికి లేస్తారు. అలా లేవడం నాకు ఇష్టం లేదు.

నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేశాను. మొదటి నుంచి చివరి దాకా అప్పుడే పుట్టిన పిల్లల వార్డే. బాలింతలకి పాలివ్వడం నేర్పించడం నా ప్రత్యేకమైన పని. బిడ్డని ఎలా పట్టుకోవాలో, నోరు ఎంత తెరిపించాలో, పాలు పడటం లేదని ఏడిస్తే ఏం చెప్పాలో నన్ను చూసి నేర్చుకున్న నర్సులు చాలామంది ఉన్నారు. డబ్బాపాల కంపెనీవాళ్ళు బాలింతలకి పంచమని ఉచితంగా సంచులు తెచ్చిపెడితే స్టోర్ రూములో మూలకి తోసేసేదాన్ని. వెనకాల నన్ను మిల్క్ పోలీస్ అని పిలుచుకునేవారు. ఆ పేరంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసింది తెలియక చేశానని మీరెవరూ నన్ను వెనకేసుకు రాకూడదు.

రిటైరయ్యాక రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కినట్టయింది. వైద్య సహాయం చేసే ఒక సంస్థకి దరఖాస్తు పెట్టాను. ఆరు నెలల పాటు పనిచేయడానికి వాలంటీరుగా తీసుకుని, యుద్ధానికి ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు ఉండే ఒక క్యాంపుకి పంపారు. మైళ్ళ పొడుగునా గుడారాలు. మధ్యలో రేకుల షెడ్డు. అదే మా ఆసుపత్రి.

అక్కడి ఆకలి గురించి ముందు ఒక మాట చెప్పాలి. అది వానలు పడక వచ్చిన ఆకలి కాదు. ఆ నేల మన కృష్ణా డెల్టా నేలకేం తీసిపోదు. జొన్నలు మనిషెత్తు పెరుగుతాయి. తుపాకులు పట్టుకున్నవాళ్ళు చేలు తగలబెట్టారు, పశువుల్ని తోలుకుపోయారు, ధాన్యం లారీలు వచ్చే దారి మూసేశారు. ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పని అది. దాన్ని మనం పేదరికం అని, కరువు అని, పాపం అని అంటాం. పాపం అన్న మాట వింటే ఇప్పటికీ నాకు కంపరం ఎత్తుతుంది.

నాతో పాటు పనిచేసిన హెడ్ నర్సు ఆ దేశపు మనిషే. తన ఊరు కూడా తగలబడితే నడిచి వచ్చి, అదే క్యాంపులో ఒక గుడారంలో ఉంటూ పొద్దున్నే ఇస్త్రీ చేసినట్టున్న తెల్ల గౌనుతో డ్యూటీకి వచ్చేది. అక్కడ ఇస్త్రీ పెట్టె ఎక్కడిదో నాకు చివరిదాకా అర్థం కాలేదు. వయసులో నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, పనిలో నాకన్నా చాలా పెద్దది. నేను వచ్చిన మొదటి వారమే, మీకు పిల్లల గురించి తెలుసు, ఇక్కడి నీళ్ళ గురించి తెలియదు, కాబట్టి నీళ్ళ సంగతి వచ్చినప్పుడు నన్ను అడగండి అని చెప్పింది. నేను నొచ్చుకున్నాను. అంత అనుభవం ఉన్నదాన్ని, నాకు నీళ్ళ గురించి చెప్తుందా అనుకున్నాను.

చిక్కి శల్యమైన పిల్లలకి మా వార్డులో మందు పాలు పట్టేవాళ్ళం. కొలత ప్రకారం, మరగబెట్టిన నీళ్ళతో, నర్సు కళ్ళ ముందు. అది వైద్యం. నాలుగు రోజులో వారమో పట్టి ఆపేస్తాం. అసలు పని తల్లి పాలు మళ్ళీ వచ్చేలా చేయడం. దానికో పద్ధతి ఉంది. సన్నటి ట్యూబు ఒక కొస మందు పాల కప్పులో పెట్టి, రెండో కొస తల్లి రొమ్ముకి అంటిస్తాం. బిడ్డ రొమ్ము చీకుతుంది, కడుపులోకి మందు పాలు వెళ్తాయి. బిడ్డ చీకేకొద్దీ తల్లికి పాలు ఊరతాయి. ఓపిక కావాలి, అంతే. తిండి లేని తల్లికి కూడా పాలు వస్తాయి. ఇది నాకు కొట్టిన పిండి.

ఒక తల్లి నాలుగు నెలల పాపతో వచ్చింది. చాలా దూరం నడిచి వచ్చిందట, దారిలో పాలు ఎండిపోయాయి. ఆ పాప ఏడవడం కూడా మానేసింది. నేను ఆ తల్లి పక్కనే కూర్చుని ఐదు రోజులు ఆ ట్యూబు పట్టుకున్నాను. ఆరో రోజు ట్యూబు తీసేసి చూస్తే పాప గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకుని చూపించింది, బరువుగా ఉందని. నేను ఏడ్చాను. నా ఉద్యోగంలో అంతకన్నా మంచి రోజు లేదు.

ఇక నా నోటి దురద సంగతి. అక్కడికి వెళ్ళిన మూడో వారంలో మా తెలుగు చర్చి సంఘం వాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక వీడియో కాల్ పెట్టారు. తెర మీద నేను, ఎదురుగా రెండొందల మంది మనవాళ్ళు. అక్కడి పిల్లలు ఎందుకు పోతున్నారో నిజం చెప్పాలంటే విరేచనాలు, మలేరియా, మూసేసిన దారులు అని చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాను. మొహాల్లో కదలిక లేదు. వెనక వరుసలో ఎవరో ఫోన్ చూసుకుంటున్నారు. అప్పుడు నేను గొంతు మార్చి, ఇక్కడ తల్లుల దగ్గర పాలు లేవు, పాలు లేక పసిపిల్లలు చనిపోతున్నారు అన్నాను. అందరూ తలెత్తారు. కొంగులు కళ్ళ మీదకి వెళ్ళాయి. నాకు అది బాగుంది. చూశారా, మనుషుల జాలి కోసం ఒక అబద్ధపు మాట చెప్పాను, అదీ నా వృత్తి గురించి.

మా సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు ఒకావిడ ఉంది. నేను అక్కా అంటాను. అమెరికా వచ్చిన కొత్తలో, నాకు పెద్దమ్మాయి పుట్టినప్పుడు, మా అమ్మకి వీసా రాకపోతే ఈ అక్కే నలభై రోజులు పథ్యం వండి, మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి పెట్టింది. అలాంటి మనిషి నా మాట విని ఊరుకుంటుందా? నాకు చెప్పకుండానే ఇల్లిల్లూ తిరిగి డబ్బాపాలు పోగు చేసింది. సరుకులు పంపే కంపెనీలో పనిచేసే మనవాడొకాయన వాటిని విమానంలో పంపించాడు. పంపేశాక ఫోన్ చేసి, నీకు సర్‌ప్రైజ్ అంది. ఒక రోజు మధ్యాహ్నం మా షెడ్డు ముందు లారీ ఆగింది. పెట్టె మీద పెట్టె. ప్రతి పెట్టె మీదా మన సండేస్కూలు పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసిన గుండె బొమ్మలు.

మీలో చాలామందికి ఇందులో తప్పేముందనిపిస్తుంది. ఇక్కడ మన వంటింట్లో తప్పు లేదు. అక్కడ ఆ పొడి కలపడానికి కావలసినవి శుభ్రమైన నీళ్ళు, మరగబెట్టడానికి పొయ్యి, కడగడానికి సీసా, నెల నెలా ఇంకో డబ్బా. ఆ నాలుగింటిలో ఒక్కటీ లేదు. పైగా డబ్బాకి అలవాటు పడ్డ బిడ్డ చన్ను పట్టదు, తల్లి పాలు ఎండిపోతాయి. డబ్బా అయిపోయాక తిరిగి రావు. అందుకే ఎవరు పంపినా డబ్బాపాలు తీసుకోకూడదని మా సంస్థలో రూలు ఉంది. దాతల్ని నొప్పించడం ఇష్టం లేని మా టీమ్ లీడరు ఆ పెట్టెలు చూసి, రూలు మీకు తెలుసు, వాళ్ళు మీవాళ్ళు, మీరే రాసి చెప్పేయండి అని చేతులు దులుపుకున్నాడు. హెడ్ నర్సు మాత్రం పెట్టెలన్నీ మోయించి, స్టోరు గదిలో పెట్టించి తాళం వేసింది.

నేను అక్కకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఇవి వాడలేం అక్కా అని మొదలుపెట్టి కొట్టేశాను. మీ ప్రేమకి వందనాలు, కాకపోతే అని రాసి కొట్టేశాను. ఆవిడ మంచులో తెచ్చిన పథ్యం క్యారియర్ గుర్తొచ్చేది, వేళ్ళు ఆగిపోయేవి. నాలుగోసారి, అందాయి అక్కా, అందరికీ నా వందనాలు అని రాసి పంపేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం కృతజ్ఞతా కూడిక, పిల్లలంతా ఆత్రంగా ఉన్నారు. "ఒక్క ఫోటో పంపవే. ఒక్కటి చాలు. తల్లీ బిడ్డా డబ్బా పట్టుకుని ఉంటే పిల్లలకి ఎంత సంతోషమో" అంది. సరే అక్కా అన్నాను.

ఆ రోజు హెడ్ నర్సు టీకాల పని మీద క్యాంపు అవతలి వైపు వెళ్ళింది. ఆమె లేని రోజు చూసే ఆ పని పెట్టుకున్నాను. తను నాకు అప్పగించి వెళ్ళిన తాళం చెవితోనే స్టోరు తాళం తీసి ఒక డబ్బా తెచ్చాను. ఎవరి చేతిలో పెట్టాలని ఆలోచించలేదు. నేను ట్యూబు పట్టిన ఆ తల్లే కదా నా గొప్ప, ఆ పాపే కదా. బుగ్గలు కొంచెం తేరుకున్నాయి, మర్నాడు వాళ్ళ గుడారానికి పంపించబోతున్నాం. మా సంస్థ డ్రైవరు నా ఫోనుతో ఫోటో తీశాడు. తల్లి నవ్వింది. నవ్వమని నేనే సైగ చేశాను.

ఫోటో అయ్యాక డబ్బా వెనక్కి తీసుకోవాలని చెయ్యి చాపాను. అప్పటికే ఆమె దాన్ని పైగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ గుండెకి ఆనించుకుని ఏదో అంటోంది. ధన్యవాదాలు చెప్తోందని అర్థమైంది. చుట్టూ మంచాల మీద తల్లులు చూస్తున్నారు. చేతిలో పెట్టిన వస్తువు వెనక్కి ఎలా లాక్కుంటాం? నా చెయ్యి నేనే వెనక్కి తీసుకున్నాను. అప్పటికి నాకు వాళ్ళ భాషలో పది మాటలకి మించి రావు. డబ్బా చూపించి వద్దన్నట్టు చెయ్యి ఊపాను. చన్నివ్వు అనే మాట వచ్చు కాబట్టి అది రెండుసార్లు అన్నాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం నాకు చాలింది. ఫోటో అక్కకి పంపి, టీ పెట్టుకున్నాను.

పన్నెండో రోజు ఆమె తిరిగి వచ్చింది. పాప కళ్ళు లోపలికి పోయాయి, చర్మం పట్టుకుంటే అలాగే నిలబడిపోతోంది. హెడ్ నర్సు ఏం పట్టావని అడిగితే గుడ్డ విప్పి డబ్బా చూపించింది. తళతళలాడేలా తుడిచి ఉంచుకుంది. అమెరికా నుంచి వచ్చిన మంచి పాలు, నర్సమ్మ తన ఒక్కదానికే ఇచ్చింది, అందుకని చాలాకాలం రావాలని పొడి తక్కువ వేసి నీళ్ళు ఎక్కువ కలిపిందట. క్యాంపులో బోరు పంపు పాడై వారమైంది. నీళ్ళు గుంటలోవి. డబ్బా ఉందని చన్నివ్వడం తగ్గించింది, పాలు ఎండిపోయాయి.

మళ్ళీ ట్యూబు పట్టుకుని కూర్చున్నాను. పాపకి చీకే ఓపిక లేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

మరణానికి కారణం రాసే ఫారం ఒకటి ఉంటుంది. అందులో విరేచనాలు, ఒంట్లో నీరు పోవడం అని రాశాను. అబద్ధం కాదు. కానీ ఆ ఫారంలో ఫోటో అని రాయడానికి గడి ఉండదు. టీమ్ లీడరు సంతకం పెట్టి, బాధపడకండి, ఇలాంటివి జరుగుతుంటాయి అన్నాడు. ఇలాంటివి జరగవండీ. ఎవరో ఒకరు చేస్తేనే జరుగుతాయి. ఆయనకి ఆ మాట అప్పుడే అనాల్సింది, అనలేదు.

ఆ సాయంత్రం హెడ్ నర్సుకి ఫోటో సంగతితో సహా అంతా చెప్పాను. ఆమె నన్ను ఆ తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది, చెప్పాల్సింది తనే చెప్పింది. ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు. ఆ తల్లి నా వైపు తిరిగి ఏదో అడిగింది. హెడ్ నర్సు ఇంగ్లీషులో చెప్పింది.

"మీ దేశంలో పిల్లలు ఇది తాగుతారా అని అడుగుతోంది."

"తాగుతారు."

"బతుకుతారా అంటోంది."

"బతుకుతారు" అన్నాను.



బయటికి వచ్చాక హెడ్ నర్సు నన్ను నిలబెట్టింది. మీకు అన్నీ తెలుసు, ఇక్కడున్న అందరికన్నా ఎక్కువ తెలుసు, మరి మీ వాళ్ళకి వద్దని ఎందుకు చెప్పలేదు అని అడిగింది. నోటి దాకా వచ్చింది మొహమాటం అనే మాట. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలి? సిగ్గా? కాదు. మర్యాదా? కాదు. భయమా అని ఆమే అడిగింది. కాదన్నాను. ఆ డబ్బాలు పంపిన ఆవిడ మీ పై అధికారా? కాదు. మీకేమైనా చేస్తుందా? చెయ్యదు, చాలా మంచి మనిషి. నేను వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను అని చివరికి చెప్పాను. "అంటే, దూరంగా ఉన్నవాళ్ళు నొచ్చుకోకూడదు. దగ్గరున్నవాళ్ళ సంగతి మీకు తర్వాత" అంది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు, తన డ్యూటీకి తను వెళ్ళిపోయింది.

మిగిలిన డబ్బాలన్నీ మర్నాటి నుంచి ఆమె దగ్గరుండి కోయించి, పెద్ద పిల్లలకి వండే జావ గుండిగల్లో పోయించింది. పొయ్యి మీద కుతకుతా ఉడికాక గానీ దించనివ్వలేదు. సండేస్కూలు గుండె బొమ్మల అట్టపెట్టెలు ఆ పొయ్యి కిందకే వెళ్ళాయి.

ఆరు నెలలు పూర్తి చేసుకుని వచ్చాను. వచ్చిన రెండో ఆదివారం చర్చిలో అక్కడి అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు. ఆరాధన అయ్యాక కింద హాల్లో కుర్చీలు వేశారు, వెనకాల భోజనాలకి బిర్యానీ ట్రేలు సర్దుతున్నారు. పాస్టరుగారు నన్ను పరిచయం చేస్తుంటే తెర మీద ఆ ఫోటో వచ్చింది. గోడంత తల్లి, గోడంత పాప, మధ్యలో డబ్బా. అందరూ చప్పట్లు కొట్టారు. సండేస్కూలు పిల్లలు ముందు వరుసలో నిలబడి మరీ కొట్టారు. ఆ ఫోటో మా సంఘం క్యాలెండరు మీద కూడా వేశారని నాకు అప్పుడే తెలిసింది.

మైకు తీసుకున్నాను. ఆ చప్పట్లలోనే దేవుడికి స్తోత్రం అని రెండు ముక్కలు చెప్పి కూర్చోవచ్చు. కాళ్ళు అదే చేయమన్నాయి.

"ఈ పాప చనిపోయింది. ఈ డబ్బా వల్ల చనిపోయింది. మీరు పంపారు, నేను ఇచ్చాను. ఇవ్వకూడదని నాకు తెలుసు, మీకు తెలియదు" అన్నాను. తర్వాత నీళ్ళ గురించి, ట్యూబు గురించి, మూసేసిన దారుల గురించి చెప్పాను. తల్లుల దగ్గర పాలు లేవని ఆ రోజు మీకు చెప్పింది అబద్ధం అని కూడా చెప్పాను. ఒకాయన లేచి, పిల్లల ముందు ఇవన్నీ ఎందుకమ్మా అన్నాడు. ఇంకెవరో తెర ఆపేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తర్వాత భోజనాలు పెట్టారు, అందరూ తిన్నారు. పెరుగు పచ్చడిలో ఉప్పు తక్కువైందని ఎవరో అనడం వినిపించింది. నాకు ఆ ట్రేలన్నీ నేలకేసి కొట్టాలనిపించింది.

నేను హాలు పక్కనున్న వంటగదిలోకి వెళ్ళిపోతే అక్క వచ్చి నా పక్కన నిలబడింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అప్పుడే ఒక్క మాట చెప్పాల్సింది కదే. మేం ఆపేసేవాళ్ళం కదా" అంది.

"మొహమాటపడ్డానక్కా."

ఆవిడ వెంటనే తల ఊపింది. అదేమిటని అడగలేదు, భయమా, సిగ్గా అని అడగలేదు. ఆ ఒక్క మాటతో అంతా అర్థమైపోయింది ఆవిడకి. నా తల నిమిరి, "పోనీలేవే. నీ మనసు ఎలాంటిదో దేవుడికి తెలుసు" అంది.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంత తేలిగ్గానా? నన్ను పోనీలే అనాల్సింది ఈవిడ కాదు. ఆ చెయ్యి తల మీద నుంచి తీసేసి బయటికి వచ్చి కార్లో కూర్చున్నాను.

హెడ్ నర్సు దగ్గర వాళ్ళ భాషలో చివరికి ఓ నలభై మాటలు నేర్చుకున్నాను. ఎత్తుకో, పడుకోబెట్టు, నోరు తెరువు, ఎన్నిసార్లు విరేచనమైంది, నొప్పి ఎక్కడ, బాగున్నావా. పనికొచ్చేవన్నీ అడిగి అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నన్ను క్షమించు అని ఎలా అనాలో అడగలేదు. పాప పోయాక కూడా ఆ క్యాంపులో రెండు నెలలున్నాను. రోజూ ఆ తల్లి గుడారం ముందు నుంచే డ్యూటీకి నడిచి వెళ్ళేదాన్ని. బయట కూర్చుని ఉంటే బాగున్నావా అని అడిగేదాన్ని. బాగున్నానని చెప్పేది.